రిపోర్టులన్నీ నార్మల్... మరి డిజెబిలిటీ బెనిఫిట్స్ వస్తాయా?

"రిపోర్టులన్నీ నార్మల్‌గానే ఉన్నాయండీ." డాక్టరు నోట ఈ మాట వింటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. కానీ రెండేళ్లుగా కాళ్లు మొద్దుబారుతున్నవాళ్లకు, వారంలో మూడుసార్లు ఫిట్స్ లాంటివి వచ్చి పడిపోతున్నవాళ్లకు, ఒళ్లునొప్పులు తట్టుకోలేక ఉద్యోగం మానేసినవాళ్లకు అదే మాట పిడుగులా తగులుతుంది. ఏమీ లేకపోతే మరి ఈ బాధ ఏమిటి? ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? అమెరికాలో ఉండి, డిజెబిలిటీ బెనిఫిట్స్ కోసం సోషల్ సెక్యూరిటీకి (ఈ బెనిఫిట్స్ ఇచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థకు) దరఖాస్తు పెట్టుకుందామనుకుంటే ఇంకో ప్రశ్న కూడా వచ్చి చేరుతుంది. స్కాన్‌లో కనబడని జబ్బుకు ప్రభుత్వం డబ్బు ఇస్తుందా?

ఇవ్వొచ్చు. 'సొమాటోఫార్మ్' అని పేరుపడ్డ ఇలాంటి జబ్బుల కోసం అక్కడి నిబంధనల్లో విడిగా ఒక విభాగమే ఉంది. అయితే జబ్బు పేరు ఫైల్లో ఉన్నంతమాత్రాన బెనిఫిట్ రాదు. స్కాన్ నార్మల్‌గా ఉన్నంతమాత్రాన రాకుండానూ పోదు. ఈ రెండో సంగతే చాలామందికి తెలియదు. తెలియక దరఖాస్తే పెట్టుకోనివాళ్లు కొందరైతే, పెట్టుకుని మొదటి తిరస్కరణ ఉత్తరం రాగానే ఆగిపోయేవాళ్లు మరికొందరు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచీ చూద్దాం.

జబ్బు పేరు మారింది, డాక్టరు వేసే ప్రశ్న కూడా మారింది

గ్రీకులో 'సోమా' అంటే శరీరం. 'సొమాటోఫార్మ్' అంటే శరీర జబ్బు రూపంలో బయటపడేది అని చెప్పుకోవచ్చు. మానసిక జబ్బులను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం. దాన్ని ప్రచురించేది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్. 1980లో వచ్చిన దాని మూడో కూర్పులో 'సొమాటోఫార్మ్' పేరుతో ఒక వర్గం చేరింది. అప్పటి అవగాహన ఏమిటంటే, ఒంట్లో లక్షణాలు ఉంటాయి, వాటికి సరిపోయే శారీరక కారణం మాత్రం దొరకదు. 1994 నాటి నాలుగో కూర్పులో ఆ వర్గంలోని 'సొమటైజేషన్ డిజార్డర్' అనడానికి ఒక లెక్కే పెట్టారు. నాలుగు చోట్ల నొప్పి, జీర్ణకోశానికి సంబంధించినవి రెండు, లైంగిక సంబంధమైనది ఒకటి, నరాల జబ్బులా కనిపించేది ఒకటి ఉండాలి. పైగా ఇదంతా 30 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. ఆ లెక్కకు సరిగ్గా సరిపోయేవాళ్లు తక్కువ. బాధపడేవాళ్లు మాత్రం ఎక్కువ.

2013లో వచ్చిన అయిదో కూర్పు 'సొమాటోఫార్మ్' అన్న పేరునే తీసేసి 'సొమాటిక్ సింప్టమ్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్' అంది. మారింది పేరొక్కటే అయితే చెప్పుకోవడానికేమీ లేదు. అసలు ప్రశ్నే మారింది. "కారణం దొరికిందా, లేదా?" అన్నది పక్కకు వెళ్లి, "ఆ లక్షణం మనిషిని ఎంతగా పట్టేసింది?" అన్నది ముందుకొచ్చింది. ఇందులో ముఖ్యమైన 'సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్' అనడానికి, బాధపెట్టే శారీరక లక్షణం ఒకటైనా ఉండాలి. దాని చుట్టూ ఆలోచనలు, భయం, చేసే పనులు మితిమీరి ఉండాలి. సాధారణంగా ఇదంతా 6 నెలలకు పైగా సాగాలి. ఈ లెక్కన గుండెజబ్బు నిజంగా ఉన్న మనిషికి కూడా ఈ నిర్ధారణ రావొచ్చు.

ఈ కుటుంబంలో ఇంకా రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. నరాల్లో దెబ్బ ఏదీ కనబడకుండానే చెయ్యి పడిపోవడం, చూపు పోవడం, ఫిట్స్ లాంటివి రావడం ఒకటి. దాన్ని ఒకప్పుడు కన్వర్షన్ అనేవారు, ఇప్పుడు ఫంక్షనల్ న్యూరోలాజికల్ డిజార్డర్ అంటున్నారు. లక్షణాలు పెద్దగా లేకపోయినా పెద్ద జబ్బు ఉందేమో, వస్తుందేమో అని నిత్యం టెన్షన్‌తో నలిగిపోవడం రెండోది. అది ఇల్‌నెస్ యాంగ్జయిటీ డిజార్డర్. పాత పేరు పూర్తిగా పోలేదు. అమెరికా ఆసుపత్రుల్లో జబ్బులకు వేసే ఐసీడీ-10 కోడ్లలో ఎఫ్45 వర్గం ఇప్పటికీ 'సొమాటోఫార్మ్ డిజార్డర్స్' పేరుతోనే ఉంది. అందుకే ఒకే ఫైల్లో ఒక డాక్టరు పాత పేరు, ఇంకో డాక్టరు కొత్త పేరు రాసి ఉంటే కంగారు పడాల్సింది లేదు. రెండూ చాలావరకు ఒకే కుటుంబం గురించి చెప్పేవే.

నటనకూ ఈ జబ్బుకూ తేడా ఎలా తెలుస్తుంది

"అంతా నీ మనసులోనే ఉంది" అన్న మాట రోగి చెవికి "నువ్వు నటిస్తున్నావు" అన్నట్టే వినిపిస్తుంది. వైద్యంలో మాత్రం ఈ రెంటికీ మధ్య గట్టి గీత ఉంది. డబ్బు కోసమో, పని తప్పించుకోవడానికో తెలిసి తెలిసి జబ్బు నటించడాన్ని మలింగరింగ్ అంటారు. డీఎస్ఎం దాన్ని మానసిక జబ్బుగానే లెక్కించదు. బయటి లాభం ఏమీ కనబడకపోయినా రోగిగా ఉండటం కోసం లక్షణాలను కల్పించుకునేది ఫాక్టీషియస్ డిజార్డర్, అది జబ్బే. సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్‌లో కల్పన లేదు. నొప్పి నొప్పే, నీరసం నీరసమే.

తేడా కనిపెట్టడం ఊహాగానం కాదని చూపించే పరీక్ష ఒకటుంది. చార్లెస్ ఫ్రాంక్లిన్ హూవర్ అనే డాక్టరు 1908లో దీన్ని వివరించారు. కుడికాలు పడిపోయిందని వచ్చిన మనిషిని వెల్లకిలా పడుకోబెడతారు. డాక్టరు ఆ కుడి మడమ కింద అరచెయ్యి పెట్టి, "కిందికి నొక్కండి" అంటారు. అరచేతికి ఒత్తిడి దాదాపు తెలియదు. ఇప్పుడు ఎడమకాలి మీద ఇంకో చెయ్యి ఆనించి, "ఈ కాలు పైకి లేపండి" అంటారు. ఎడమకాలు లేపడానికి ఒళ్లు తనంతట తానే కుడి మడమను పరుపుకేసి అదుముతుంది. డాక్టరు అరచెయ్యి ఆ కింద గట్టిగా నలుగుతుంది. కాలిలో బలం ఉంది, నరాల దారీ బాగానే ఉంది. కావాలని కదపబోతేనే ఆ బలం అందడం లేదు. ఒక్క ఈ గుర్తుతోనే అంతా తేలిపోదు. కానీ ఇది "ఏమీ దొరకలేదు" అని చెప్పే పరీక్ష కాదు, "ఇది దొరికింది" అని చెప్పే పరీక్ష. ఫిట్స్ లాంటివాటికి వీడియో ఈఈజీ ఇదే పని చేస్తుంది. మనిషి పడిపోయి కొట్టుకుంటున్న ఆ నిమిషాల్లో మెదడు తరంగాల్లో మూర్ఛ జాడ లేదని రికార్డు చేసి చూపిస్తుంది.

సోషల్ సెక్యూరిటీ లెక్కలో డిజెబిలిటీ అంటే

ఇక్కడ సగం డిజెబిలిటీ, 40 శాతం డిజెబిలిటీ లాంటివి లేవు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల చెప్పుకోదగ్గ సంపాదన తెచ్చే పని ఏదీ చేయలేకపోవాలి. ఆ స్థితి కనీసం 12 నెలలు సాగాలి, లేదా సాగేలా ఉండాలి, లేదా ప్రాణాంతకం కావాలి. 'చెప్పుకోదగ్గ సంపాదన'కు ఏటా ఒక అంకె ప్రకటిస్తారు. 2025లో అది అంధులు కానివారికి నెలకు 1,620 డాలర్లు.

రెండు పథకాలున్నాయి. పని చేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినవాళ్లకు ఎస్ఎస్‌డీఐ. ఆదాయం, ఆస్తి బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఎస్ఎస్ఐ. ఇందులో ఒంటరి వ్యక్తికి లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు, దంపతులకు 3,000 డాలర్లు దాటకూడదు. డబ్బు లెక్కలు వేరైనా, పెద్దవాళ్ల విషయంలో జబ్బును తూచే పద్ధతి రెండింటికీ ఒకటే.

లిస్టింగ్ 12.07లో ఏముంది

సోషల్ సెక్యూరిటీ దగ్గర తీవ్రమైన జబ్బుల జాబితా ఒకటి ఉంటుంది, అందులో ఒక్కో అంశం ఒక 'లిస్టింగ్'. అందులోని షరతులకు సరిపోతే ఆ మనిషి ఇంకే పనైనా చేయగలరా అని అడగకుండానే డిజెబిలిటీ ఒప్పుకుంటారు. సొమాటోఫార్మ్ జబ్బుల అంకె 12.07. మానసిక జబ్బుల నిబంధనలను 2016 సెప్టెంబరులో సవరించారు. అవి 2017 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పుడే ఇక్కడ కూడా 'సొమాటోఫార్మ్' పేరు పోయి డీఎస్ఎం-5 పేరు వచ్చింది.

ఇందులో రెండు భాగాలు, రెండూ ఉండాలి. మొదటిది వైద్య రికార్డు. ఇంకే జబ్బూ సరిగ్గా వివరించలేని కదలికల లోపమో స్పర్శ, చూపు లాంటి ఇంద్రియాల లోపమో ఉండాలి. లేదా బాధపెట్టే శారీరక లక్షణాలు, వాటి చుట్టూ మితిమీరిన ఆలోచనలో ప్రవర్తనో ఉండాలి. లేదా పెద్ద లక్షణాలు లేకుండానే పెద్ద జబ్బు గురించిన ధ్యాస ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి చాలు.

చాలా కేసులు ఆగేది రెండో భాగం దగ్గర. నాలుగు సామర్థ్యాలు చూస్తారు: విషయం అర్థం చేసుకుని గుర్తుపెట్టుకుని వాడుకోవడం, మనుషులతో మెలగడం, మనసు పెట్టి ఒకే వేగంతో పని కొనసాగించడం, మార్పులకు సర్దుకుంటూ తనను తాను చూసుకోవడం. వీటిలో ఒకటి 'ఎక్‌స్ట్రీమ్' స్థాయిలోనైనా, రెండు 'మార్క్‌డ్' స్థాయిలోనైనా దెబ్బతిని ఉండాలి. ఎక్‌స్ట్రీమ్ అంటే ఆ పని సొంతంగా, సరిగ్గా, నిలకడగా అసలు చేయలేకపోవడం. మార్క్‌డ్ అంటే తీవ్రంగా పరిమితం కావడం. గమనించండి, ఈ నాలుగింటిలో "ఎంత నొప్పి?" అన్న ప్రశ్న లేదు. నొప్పి వల్ల ఏం ఆగిపోయిందన్నదే ఉంది.

కనబడని నొప్పికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది

అసలు చిక్కుముడి ఇదే. 1984లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, తనకు నొప్పి ఉందని మనిషి చెప్పిన మాట ఒక్కటే తుది సాక్ష్యం కాదు. ఆ నొప్పిని పుట్టించగల వైకల్యం ఉందని వైద్య పద్ధతుల్లో తేలాలి. ఇది చదవగానే సొమాటోఫార్మ్ కేసులకు తలుపు మూసుకుపోయిందనిపిస్తుంది. కానీ అదే వాక్యంలో ఆ వైకల్యం శరీర నిర్మాణానికి, శరీర క్రియలకు, లేదా మనసుకు సంబంధించిన లోపం వల్ల రావొచ్చని ఉంది. ఆ మూడో మాటే ఈ కేసులకు ఆధారం. ఎంఆర్ఐలో డిస్కు జారినట్టు కనబడాల్సిన అవసరం లేదు. సైకియాట్రిస్టో, సైకాలజిస్టో పరీక్షలో స్వయంగా గమనించి రాసుకున్న భయం, ధ్యాస, ప్రవర్తన కూడా చట్టం దృష్టిలో వైద్య గుర్తులే.

అందుకే కేవలం వెన్నునొప్పి పేరుతో ఎంఆర్ఐలు మాత్రమే పెట్టిన ఫైలుకూ, అదే మనిషి మానసిక వైద్య పరీక్ష కూడా ఉన్న ఫైలుకూ అంత తేడా వస్తుంది. మొదటి ఫైల్లో నార్మల్ స్కాన్ ఆ మనిషికి వ్యతిరేకంగా నిలబడుతుంది. రెండో ఫైల్లో అదే స్కాన్ నిర్ధారణలో ఒక భాగమవుతుంది. "నాకు పిచ్చి అంటున్నారు" అని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లని మనిషి బాధ నాకు అర్థమవుతుంది. ఆ మాట వెనుక ఎన్ని అవమానాలు ఉంటాయో ఇలాంటివాళ్లను దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలుసు. కానీ ఆ నిరాకరణతో ఫైల్లో ఉండాల్సిన ముఖ్యమైన కాగితమే లేకుండా పోతుంది.

వైకల్యం ఉందని తేలాక దాని తీవ్రత చూస్తారు. ఒకప్పుడు ఈ దశలో మనిషి 'విశ్వసనీయత'ను తూచేవారు. 2016 మార్చిలో సోషల్ సెక్యూరిటీ ఇచ్చిన ఎస్ఎస్ఆర్ 16-3పి అనే ఉత్తర్వు ఆ మాటను తీసేసింది. మనిషి గుణగణాలను విచారించడం తమ పని కాదని, చెప్పిన లక్షణాలు మిగతా రికార్డుతో పొసగుతున్నాయో లేదో చూడటమే పని అని చెప్పింది. రోజువారీ పనులు, నొప్పి ఎప్పుడు ఎంత, మందులు, వాటి దుష్ప్రభావాలు, ఇతర చికిత్సలు, ఉపశమనానికి ఇంట్లో చేసుకునేవి, అన్నీ చూస్తారు.

రోజువారీ పనుల గురించి ఒక ఫారం వస్తుంది. లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తారు, వంట చేస్తారా, ఎంతసేపు పడుతుంది, ఎంత దూరం నడిస్తే ఆగాలి అని అడుగుతుంది. 'వంట చేస్తారా' అన్నచోట మొహమాటానికో, ఆత్మాభిమానానికో 'చేస్తాను' అని ఒక్క మాట రాస్తే, రేపు తిరస్కరణ ఉత్తరంలో "దరఖాస్తుదారు వంట చేసుకోగలరు" అని కనబడొచ్చు. స్టూలు మీద కూర్చుని రెండుసార్లు ఆగి అన్నం మాత్రం వండి, ఆపై గంట పడుకున్న సంగతి ఆ ఒక్క మాటలో లేదు. 2004లో అమెరికా ఫెడరల్ అప్పీల్స్ కోర్టుల్లో ఒకటైన సెవెన్త్ సర్క్యూట్ కోర్టు సొమటైజేషన్ డిజార్డర్ ఉన్న ఒక మహిళ కేసులో సరిగ్గా ఈ తప్పునే పట్టుకుంది. తీర్పు రాసింది జడ్జి రిచర్డ్ పోస్నర్. అప్పుడప్పుడు ఇంటి పనులు చేయగలగడం, వారానికి అయిదు రోజులు రోజుకు ఎనిమిది గంటలు పనిచేయగలగడం ఒకటి కావన్నారు. నొప్పి మూలం పూర్తిగా మానసికమైనా, అది పని చేయనివ్వకపోతే బెనిఫిట్‌కు అనర్హత రాదని కూడా చెప్పారు. అయితే ఆ తీర్పు ఏకగ్రీవం కాదు. ఒక జడ్జి విభేదించారు.

ఒక ఊహా కేసు, అయిదు మెట్లు

ఒకావిడ ఉన్నారనుకుందాం. వయసు 38. పదకొండేళ్లు గిడ్డంగిలో సరుకులు తీసి ప్యాక్ చేసే పని. ఏడాదిన్నర కిందట ఫిట్స్ లాంటివి మొదలయ్యాయి. మూర్ఛ మందులు పనిచేయలేదు. వీడియో ఈఈజీలో ఇవి ఫంక్షనల్ అని తేలింది. సైకియాట్రిస్టు దగ్గర థెరపీ నడుస్తోంది.

మొదటి మెట్టు: ఇప్పుడు సంపాదిస్తున్నారా? లేదు. రెండోది: పనికి అడ్డొచ్చే తీవ్రమైన జబ్బు ఉందా? ఉంది, ఈఈజీ, సైకియాట్రిస్టు రికార్డు రెండూ ఉన్నాయి. మూడోది లిస్టింగ్. మొదటి భాగం సరిపోయింది. రెండో భాగంలో మనసు పెట్టి పని కొనసాగించడం ఒక్కటే మార్క్‌డ్ అని, మిగతా మూడూ అంతకంటే తక్కువని తేల్చారు. రెండు కావాలి, ఒకటే ఉంది. లిస్టింగ్ తప్పింది. చాలామంది కథ ఇక్కడే అయిపోయిందనుకుంటారు. అవలేదు.

లిస్టింగ్ తప్పినప్పుడు ఆమెకు ఏం మిగిలిందో రాస్తారు: నిచ్చెనలెక్కకూడదు, కదిలే యంత్రాల దగ్గర ఉండకూడదు, వాహనం నడపకూడదు, తేలికపాటి సాదా పనులే. నాలుగో మెట్టులో పాత ఉద్యోగం చేయలేరని తేలింది. అయిదో మెట్టు, దేశంలో ఇంకే పనైనా చేయగలరా? విచారణలో జడ్జి ఉద్యోగాల నిపుణుణ్ణి అడుగుతారు. "ఈ పరిమితులున్న మనిషికి ఉద్యోగాలున్నాయా?" నిపుణుడు ఉన్నాయంటాడు, పేర్లు చెబుతాడు. తర్వాత జడ్జి ఇంకో మాట కలుపుతారు. "ఇదే మనిషి నెలకు మూడు రోజులు పనికి రాలేకపోతే?" ఇలాంటి ప్రశ్నకు నిపుణులు సాధారణంగా చెప్పే జవాబు, అంతగా సెలవు పెట్టేవాళ్లను ఏ యజమానీ ఉంచుకోడు, ఉద్యోగాలు లేవు అని.

కేసంతా ఆ మూడు రోజుల మీదికి వచ్చి ఆగింది. ఆమెకు నెలకు ఎన్నిసార్లు వస్తున్నాయి, వచ్చాక తేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఎమర్జెన్సీ గది కాగితాలు, థెరపిస్టు నోట్సు, తేదీలు వేసి రాసుకున్న క్యాలెండరు, కళ్లారా చూసిన అక్కో చెల్లెలో ఇచ్చిన వాంగ్మూలం, ఇవన్నీ ఒకే అంకె చెబుతున్నాయా? ఆమె గెలుపోటములు తేల్చేది జబ్బు పేరు కాదు, ఆ అంకె.

రెండు వైపులా ఉన్న భయాలు

ఇలాంటి జబ్బులకు బెనిఫిట్స్ విషయంలో గట్టిగా ఉండాలనేవాళ్లను రాతిగుండెవాళ్లని కొట్టిపారేయలేం. సొంత మాట మీద ఎక్కువగా ఆధారపడే కేసుల్లో ఇద్దరు అధికారులు రెండు రకాలుగా తేల్చే ప్రమాదం నిజం. ఇంకో వాదన వైద్యుల నుంచే వస్తుంది. ఈ జబ్బులు థెరపీతో, ఫిజియోథెరపీతో మెరుగుపడే వీలున్నవి. బెనిఫిట్ నిలవాలంటే జబ్బు నిలవాలన్న పరిస్థితి కోలుకోవడానికి అడ్డవుతుందని వాళ్ల భయం.

అవతలి వైపు, ఈ ముద్ర పడితే అసలు జబ్బు వెతకడం ఆగిపోతుందన్న భయం ఉంది. డీఎస్ఎం నాలుగో కూర్పు బృందానికి నాయకత్వం వహించిన అలెన్ ఫ్రాన్సెస్ 2013లోనే కొత్త నిర్వచనాన్ని తీవ్రంగా విమర్శించారు. ప్రయోగాత్మక పరిశీలనలో క్యాన్సర్, గుండెజబ్బు ఉన్నవారిలో 15 శాతం మంది, ఆరోగ్యవంతుల్లోనూ 7 శాతం మంది ఈ నిర్ధారణ కిందికి వచ్చారని గుర్తుచేశారు. జబ్బు గురించి సహజంగా ఆందోళన పడేవాళ్ల మీద మానసిక రోగి ముద్ర పడుతుందన్నది ఆయన అభ్యంతరం.

స్విట్జర్లాండ్ ఈ రెండు కొసలనూ చూసింది. 2004లో అక్కడి ఫెడరల్ సుప్రీంకోర్టు, సొమాటోఫార్మ్ నొప్పి ఉన్నవాళ్లు సంకల్పం ఉంటే దాన్ని దాటి పనిచేయగలరు అనే ముందస్తు భావనను స్థిరపరిచింది. కాదని చూపించే మినహాయింపులకు ప్రమాణాలు కఠినం. 2015 జూన్ 3న అదే కోర్టు ఆ భావనను వదిలేసింది. ముందే ఒక నిర్ణయానికి రాకుండా ప్రతి మనిషి సామర్థ్యాలను, భారాలను, చికిత్సకు స్పందనను, రోజువారీ జీవితంలో పొంతనను ఒక క్రమంలో పరిశీలించాలంది. ఈ మార్పు సరైనదని నా అభిప్రాయం. రుజువు అడగడం న్యాయమే. కానీ ఒక జబ్బు పేరు చూసి, 'గట్టిగా అనుకుంటే తగ్గిపోతుంది' అన్న చోట విచారణ మొదలుపెట్టడం న్యాయం కాదు.

అదే నిర్ధారణ ప్రైవేటు ఇన్సూరెన్సులో

ఉద్యోగంతో పాటు వచ్చే లాంగ్-టర్మ్ డిజెబిలిటీ పాలసీ ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. అమెరికాలో ఇలాంటి పాలసీలు చాలావాటిలో మానసిక జబ్బులకు చెల్లింపు 24 నెలలకే పరిమితం. శారీరక జబ్బైతే రిటైర్మెంట్ వయసుదాకా రావొచ్చు. అంటే సోషల్ సెక్యూరిటీ దగ్గర ఫైలును నిలబెట్టిన నిర్ధారణే, ఇక్కడ రెండేళ్ల గడువు పెట్టొచ్చు. నొప్పికి శారీరక కారణం కూడా ఉన్న మనిషి విషయంలో, అసలు ఆపేసింది ఏదన్న దానిమీద ఇన్సూరెన్స్ కంపెనీకీ రోగికీ మధ్య వివాదాలు వచ్చేది ఈ గీత దగ్గరే.

సోషల్ సెక్యూరిటీ బెనిఫిట్ కూడా ఒకసారి ఇచ్చి మరిచిపోయేది కాదు. మెరుగవుతారని అనుకుంటే 6 నుంచి 18 నెలల్లో, మెరుగవ్వొచ్చని అనుకుంటే సుమారు మూడేళ్లకోసారి మళ్లీ సమీక్షిస్తారు. మన ఊహా కేసులోని ఆవిడకు బెనిఫిట్ వచ్చిందే అనుకుందాం, థెరపీ పనిచేసి నెలకు ఆరుసార్లు వచ్చేవి ఒకసారికి తగ్గాయనుకుందాం. అప్పటి సమీక్షలోనూ అధికారి చూసేది అదే క్యాలెండరు, అవే థెరపిస్టు నోట్సు.